కోళ్ల ఫారంలో యాంటీబయోటిక్ నిరోధకతను తగ్గించడం ఎలా

ఆరోగ్యంగా ఉన్న ప్రతి కోడి పేగుల్లోనూ కోట్ల సంఖ్యలో బాక్టీరియా ఉంటుంది. ఈ. కోలై కూడా వాటిలో ఒకటి. చాలావరకు అది కోడికి ఏ హానీ చేయదు. షెడ్డులో పది కోళ్లకు జబ్బు చేసిందని ట్యాంకులో యాంటీబయోటిక్ కలిపినప్పుడు, ఆ మందు ఆ పదింటికే కాక అదే నీరు తాగే ఐదు వేల కోళ్ల పేగుల్లోకి కూడా వెళుతుంది. అక్కడ మందుకు లొంగే బాక్టీరియా చచ్చిపోతుంది. లొంగని కొద్దిపాటి బాక్టీరియా ఖాళీ అయిన చోటంతా ఆక్రమించుకుంటుంది. నిరోధకత మొదలయ్యేది ఇలా ఏ జబ్బూ లేని కోళ్ల పేగుల్లోనే కాబట్టి, ‘మా కోళ్లు బాగానే ఉన్నాయి కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మరో చిక్కు కూడా ఉంది. మందును తట్టుకునే జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటాయి. ఆ వలయాన్ని ఒక బాక్టీరియా పక్కనున్న మరో బాక్టీరియాకు, అది వేరే జాతిదైనా సరే, అందించగలదు. ఒకే వలయం మీద మూడు నాలుగు రకాల మందులకు సంబంధించిన జన్యువులు కలిసి ఉండడం సాధారణం. అందువల్ల మీరు టెట్రాసైక్లిన్ ఒక్కటే వాడినా, ఆ ఫారంలో ఎన్నడూ వాడని మందులకు కూడా లొంగని ఈ. కోలై పెరిగే అవకాశం ఉంటుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో స్టువర్ట్ లెవీ అనే వైద్య శాస్త్రవేత్త 1970ల్లో ఒక చిన్న ఫారంలో కొన్ని కోడిపిల్లలకు ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా, మిగిలినవాటికి మామూలు దాణా పెట్టించి చూశారు. వారం తిరిగేసరికి మందు దాణా తిన్న కోళ్ల పేగుల్లోని బాక్టీరియా దాదాపు అంతా టెట్రాసైక్లిన్‌కు లొంగనిదిగా మారింది. ఐదారు నెలలకు ఆ ఫారంలో నివసించే మనుషుల మలంలో కూడా అలాంటి బాక్టీరియా, ఇరుగుపొరుగు వారితో పోలిస్తే చాలా ఎక్కువగా, కనిపించింది. వాళ్లెవరూ ఆ మందు మింగలేదు. ఈ ఫలితాలు 1976లో అచ్చయ్యాయి. దాణాలో మందు ఆపేశాక ఫారం మనుషుల్లో ఆ బాక్టీరియా తగ్గిపోవడం కూడా అందులో నమోదైంది. తగ్గించడం సాధ్యమేననడానికి అది ఆధారం, ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో రెండు వేల నుంచి పదివేల వరకు బ్రాయిలర్ (మాంసం కోసం పెంచే) లేదా లేయర్ (గుడ్ల కోసం పెంచే) కోళ్లు పెంచే రైతును దృష్టిలో పెట్టుకొని కింది పద్ధతిని వివరిస్తున్నాను. సొంతంగా పెంచేవారికీ, కంపెనీ పిల్లలనూ దాణానూ తీసుకొని పెంపకం కూలి మీద పనిచేసేవారికీ ఇది వర్తిస్తుంది. రెండింటికీ తేడా ఉన్నచోట ఆ సంగతి చెబుతాను.

1. ముందు లెక్క రాయండి

ఒక నోటు పుస్తకం తీసుకొని గత రెండు మూడు బ్యాచ్‌లలో వాడిన మందులన్నీ రాయండి. బిల్లులు ఉంటే సరే, లేకపోతే షెడ్డు మూల పడి ఉన్న ఖాళీ డబ్బాలను చూసి రాయండి. కంపెనీ పెట్టిన పేరు ముఖ్యం కాదు. లేబుల్ మీద చిన్న అక్షరాలతో ఉండే అసలు మందు పేరు, దాని శాతం ముఖ్యం. వేర్వేరు పేర్లతో కొన్న మూడు డబ్బాల్లో ఎన్రోఫ్లాక్సాసిన్ అనే ఒకే యాంటీబయోటిక్ ఉండడం, ‘టానిక్’ అనుకొని కొన్న పొడిలో నియోమైసిన్, డాక్సీసైక్లిన్ అనే రెండు యాంటీబయోటిక్‌లు కలిసి ఉండడం ఈ పని చేసినప్పుడే బయటపడుతుంది.

ప్రతి మందు ఎదుట ఎన్ని రోజుల వయసులో ఇచ్చారు, ఎన్ని రోజులు ఇచ్చారు, ఎవరు చెప్పారు, ఏ కారణంతో ఇచ్చారు అన్నవి రాయండి. కారణం రాసేటప్పుడు మూడు రకాలుగా విడగొట్టండి: ఏ జబ్బూ లేకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చినవి, అనుమానంతో ఇచ్చినవి, పోస్ట్‌మార్టం లేదా ల్యాబ్ పరీక్ష చేయించి ఇచ్చినవి. చాలా ఫారాల్లో మూడో రకం దాదాపు ఖాళీగా ఉంటుంది. మీరు తగ్గించగలిగేదంతా మొదటి రెండు రకాల్లోనే ఉంది.

లెక్క రాస్తున్నప్పుడే కొలిస్టిన్ ఉన్న డబ్బా ఏదైనా కనిపిస్తే పక్కన పెట్టండి. మనుషుల్లో మిగతా మందులన్నీ విఫలమైనప్పుడు ఐసీయూల్లో వాడే చివరి మందుల్లో అది ఒకటి. దానికి నిరోధకతనిచ్చే ఎంసీఆర్-1 అనే జన్యువు ప్లాస్మిడ్ మీద ప్రయాణిస్తోందని, పందుల్లోనూ మాంసంలోనూ రోగుల్లోనూ ఉందని చైనా శాస్త్రవేత్తలు 2015 నవంబరులో ప్రకటించారు. మన దేశంలో ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, ఆక్వా సాగుకు, దాణా మిశ్రమాలకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వర్గపు మందుల వాడకానికి కూడా ఇప్పుడు అనుమతి లేదు. ఎవరైనా పాత నిల్వ అని చవకగా ఇవ్వజూపినా తీసుకోకండి.

దాణా బస్తా మీది లేబుల్ కూడా చదవండి. పెరుగుదల కోసం కలిపే యాంటీబయోటిక్‌లు అతి తక్కువ మోతాదులో, బ్యాచ్ మొత్తం పేగుల్లోకి వెళుతూనే ఉంటాయి. నిరోధక బాక్టీరియా పెరగడానికి అంతకంటే అనువైన పరిస్థితి లేదు. యూరోపియన్ యూనియన్ 2006 నుంచి పెరుగుదల కోసం వాటిని దాణాలో కలపడాన్ని పూర్తిగా ఆపేసింది. సొంతంగా దాణా కొనేవారు డీలరును ‘ఇందులో బాసిట్రాసిన్, టైలోసిన్, క్లోర్‌టెట్రాసైక్లిన్ వంటివి ఉన్నాయా’ అని పేరుపేరునా అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. కంపెనీ దాణా వాడేవారికి ఎంచుకునే వీలు లేదు. అయినా సూపర్‌వైజరును అడిగి ఆ జవాబును పుస్తకంలో రాసుకోండి. నలుగురు రైతులు అడిగిన ప్రశ్న కంపెనీ దాకా వెళుతుంది.

2. మొదటి ఐదు రోజుల మందు మానేయండి

కోడిపిల్లలు దిగిన రోజు నుంచి మూడు నుంచి ఐదు రోజుల పాటు నీళ్లలో యాంటీబయోటిక్ ఇవ్వడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. నా అభిప్రాయంలో మొట్టమొదట మానవలసింది ఇదే. అప్పుడప్పుడే పేగుల్లో బాక్టీరియా స్థిరపడే వయసది. ఆ సమయంలో మందు ఇస్తే లొంగే బాక్టీరియాకు చోటు దొరకదు. గుడ్లు పొదిగించే హేచరీ నుంచో, షెడ్డు నేల మీద పరిచిన పాత ఊక నుంచో వచ్చిన లొంగని బాక్టీరియా తొలి నివాసిగా కుదురుకుంటుంది.

అయితే మందు ఊరికే మానేస్తే సరిపోదు. అది కప్పిపుచ్చుతున్న లోపాలను సరిచేయాలి. పిల్లలు దిగగానే కనీసం ముప్పై పిల్లలను తిప్పి బొడ్డు చూడండి. బొడ్డు పూర్తిగా మూసుకొని, పొడిగా, శుభ్రంగా ఉండాలి. నల్లటి పొక్కు, తడి, ఎర్రదనం ఎక్కువ పిల్లల్లో కనిపిస్తే హేచరీ లోపం ఉన్నట్టు. ఆ సంగతి ఫొటోలతో సహా అదే రోజు పంపినవారికి తెలియజేయండి. పచ్చసొన సంచి చెడి చనిపోయే పిల్లల సంఖ్యను మందు కొంత తగ్గించవచ్చు గానీ, తర్వాతి బ్యాచ్‌లో కూడా అవే గుడ్లు, అదే హేచరీ.

బ్రూడింగ్ వేడిని, అంటే పిల్లలకు వెచ్చదనం ఇచ్చే ఏర్పాటును, పిల్లలు రాకముందే సిద్ధం చేయండి. గాలి మాత్రమే వేడెక్కి ఊక చల్లగా ఉంటే లాభం లేదు. మొదటి రోజు బ్రూడరు కింద పిల్లల ఎత్తులో 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, ఆపైన వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు ఒక్కదాన్నే నమ్మకండి. దించిన రెండు గంటలకు ఒక పిల్లను పట్టుకొని దాని పాదాలను మీ చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే కింద వేడి చాలలేదన్నమాట. మరుసటి ఉదయం మెడ కింద మేత సంచిని వేళ్లతో తడమండి. నూటికి తొంభై ఐదు పిల్లల్లో అది నిండుగా, మెత్తగా ఉండాలి. నీరు తాగక మేత మాత్రమే తిన్న పిల్లలో అది గట్టిగా గింజల్లా తగులుతుంది, అలాంటివి ఎక్కువైతే డ్రింకర్ల ఎత్తు, సంఖ్య సరిచూడండి.

3. నీటిని బాగుచేయండి

మందుల ఖర్చు తగ్గాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను నీటి పైపు చూపిస్తాను. కోడి మేత కంటే దాదాపు రెట్టింపు బరువు నీరు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. బెల్లం నీరు, విటమిన్లు, ఎలక్ట్రోలైట్లు పోసిన పైపుల లోపల జిగురు పొర కట్టి, అందులో ఈ. కోలై భద్రంగా దాక్కుంటుంది. మీరు ట్యాంకులో కలిపిన యాంటీబయోటిక్ కూడా ఆ పొర దాటేటప్పుడు కొంత పలుచబడుతుంది. చిన్న మోతాదుకు అలవాటుపడిన బాక్టీరియా అక్కడే తయారవుతుంది.

ఒక నిపుల్ (పైపుకు ఉండే, కోడి ముక్కుతో పొడిచి నీరు తాగే మొన) విప్పి, వేలు లోపలి అంచుకు రాసి చూడండి. జారుగా, చేప చర్మంలా తగిలితే జిగురు పొర ఉన్నట్టే. బ్యాచ్ అమ్ముడయ్యాక, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పైపుల శుభ్రతకు అమ్మే స్థిరీకరించిన హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణాన్ని లేబుల్‌లో చెప్పిన గాఢతలో నింపి ఒక రోజు నిలవనిచ్చి, తర్వాత గట్టి ఒత్తిడితో నీరు వదిలి కడగండి. కోళ్లు షెడ్డులో ఉండగా ఈ గాఢత వాడకూడదు.

రోజువారీ శుద్ధికి బ్లీచింగ్ పౌడరు చాలు. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడి 12 నుంచి 15 గ్రాములు వెయ్యి లీటర్లకు వేస్తే లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. పొడిని బకెట్ నీటిలో కలిపి, మట్టిలాంటిది అడుగున తేరుకున్నాక పై తేట మాత్రమే ట్యాంకులో పోసి, అరగంట తర్వాత వదలండి. మూత తీసి పెట్టిన పాత సంచిలో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది. ట్యాంకు దగ్గర కాదు, వరుసలో చివరి నిపుల్ దగ్గర క్లోరిన్ కిట్‌తో కొలవండి. అక్కడ రెండు మూడు మిల్లీగ్రాములైనా లేకపోతే మధ్యలో జిగురు పొర దాన్ని తినేస్తోందని అర్థం. బోరు నీటి పీహెచ్ ఎనిమిది దాటితే క్లోరిన్ పనితనం బాగా పడిపోతుంది, అలాంటప్పుడు నీటిని పరీక్ష చేయించి సేంద్రియ ఆమ్లాలతో సరిచేసుకోవాలి. ఆమ్లాన్నీ బ్లీచింగ్‌నూ ఒకే బకెట్‌లో కలపకండి, విషవాయువు వెలువడుతుంది.

నీటి ద్వారా టీకా ఇచ్చేటప్పుడు కనీసం ఒక రోజు ముందే క్లోరిన్ ఆపాలి, టీకా నీటిలో లీటరుకు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాల పొడి కలపాలి. ఆ పని మరిచిపోతే టీకా చచ్చిపోతుంది. టీకా చచ్చిపోతే రెండు వారాల తర్వాత మళ్లీ యాంటీబయోటిక్ డబ్బా చేతిలోకి వస్తుంది.

4. గాలి, ఊక, టీకాలు

కోళ్లలో కనిపించే ఈ. కోలై జబ్బు ఎక్కువసార్లు తనంతట తాను మొదలుకాదు. రాణిఖేత్, ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్) వైరస్‌లు, మైకోప్లాస్మా అనే బాక్టీరియా, రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు ఊపిరితిత్తుల గోడలను దెబ్బతీశాక, పేగుల్లో ఉండి ఊకలో పేరుకున్న ఈ. కోలై, ఊపిరితిత్తులకు అనుబంధంగా ఉండే గాలి సంచుల్లోకి దిగుతుంది. అందుకే టీకాలు, గాలి ఆడడం ఈ వ్యాసంలో భాగమే. టీకా పట్టిక ప్రాంతాన్ని బట్టి, హేచరీ ఇచ్చినదాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీ వెటర్నరీ డాక్టరు రాసిచ్చినదే పాటించండి. మీ చేతిలో ఉన్నది టీకా సీసాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండేలా చూడడం, కలిపిన టీకాను త్వరగా అందించడం.

షెడ్డులోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చొని ఐదు నిమిషాలు ఉండండి. కళ్లు మండితే అమ్మోనియా అనుమతించదగిన స్థాయి దాటిపోయినట్టే. నిలబడి చూస్తే తెలియదు, కోడి తలెత్తు వేరు. చలికాలం రాత్రుళ్లు పరదాలు పూర్తిగా దించి బిగించడమే దీనికి ప్రధాన కారణం, పైన జానెడు ఖాళీ వదలండి. ఊకను గుప్పిట్లో గట్టిగా నొక్కి వదిలితే అది విడిపోవాలి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్టు. ఆ తడిసిన భాగాన్ని తీసి పారేసి, కారుతున్న నిపుల్‌ను ముందు బాగుచేయండి.

5. జబ్బు చేసినప్పుడు ముందు నమూనా, తర్వాత మందు

ఒక రోజు మరణాలు పెరిగాయి. మెడికల్ షాపుకు ఫోను చేయాలనిపిస్తుంది. అక్కడ ఆగి, నాలుగు సంగతులు రాసుకోండి: నిన్న, ఈ రోజు తాగిన నీరు ఎంత, తిన్న మేత ఎంత, రెట్ట రంగు ఏమిటి, గురక శబ్దం వినిపిస్తోందా. ఆపైన చనిపోయిన కోళ్లను డాక్టరు చేత కోయించండి. ఈ పనికి వెచ్చించే సగం రోజు వృథా కాదు. రక్తపు విరేచనం కాక్సిడియోసిస్ (పరాన్నజీవి వల్ల వచ్చే పేగు జబ్బు) కావచ్చు. దానికి ఎన్రోఫ్లాక్సాసిన్ ఏమీ చేయదు, ఆంప్రోలియం వంటి వేరే మందు కావాలి. గంబోరో, రాణిఖేత్ వైరస్ వ్యాధులు. వాటి మీద ఏ యాంటీబయోటిక్ పనిచేయదు. వడదెబ్బకు కావలసింది నీడ, గాలి, చల్లటి నీరు. గాలి సంచుల్లో పెరుగులాంటి పదార్థం, గుండె, కాలేయాల చుట్టూ తెల్లటి పొర కనిపించినప్పుడు ఈ. కోలైని గట్టిగా అనుమానించవచ్చు. అయినా ఆ ఈ. కోలై ఏ మందుకు లొంగుతుందో కంటితో చూసి చెప్పలేం.

నమూనా తీసేటప్పుడు కొన్ని నియమాలు తప్పనిసరి. మందు మొదలుపెట్టక ముందే తీయాలి. అప్పుడే చనిపోయిన లేదా చావుకు దగ్గరగా ఉన్న మూడు నాలుగు కోళ్లు కావాలి. ఎండలో ఆరు గంటలు పడి ఉన్న కోడిలో పేగుల్లోని బాక్టీరియా శరీరమంతా పాకి ఉంటుంది కాబట్టి ఫలితం తప్పుతుంది. గుండె రక్తం, కాలేయం, గుండె చుట్టూ పొర నుంచి శుభ్రమైన స్వాబ్‌తో (దూది చుట్టిన పుల్లతో) తీసి ఐసు పెట్టెలో పంపాలి. గడ్డకట్టించకూడదు. పక్షుల వయసు, ఇచ్చిన టీకాలు, గత పది రోజుల్లో వాడిన మందులు ఒక కాగితం మీద రాసి జతచేయండి. హైదరాబాద్ రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు, తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి వెటర్నరీ కాలేజీలతో పాటు పశుసంవర్ధక శాఖ వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలను కూడా అడగవచ్చు. మీ మండల పశువైద్యాధికారి ద్వారా పంపితే పని సులువు.

మలద్వారం దగ్గర తీసిన స్వాబ్‌లో ఈ. కోలై రావడం జబ్బుకు రుజువు కాదు. అది అక్కడ ఎప్పుడూ ఉంటుంది. అలాంటి స్వాబ్ వేరే పనికి వస్తుంది. ఆ సంగతి చివర చెబుతాను.

6. రిపోర్టు చదవడం

ప్రయోగశాలలో బాక్టీరియాను పెంచడానికి ఒక రోజు, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు దాని మీద పెట్టి చూడడానికి మరో రోజు పడుతుంది. మొత్తం రెండు నుంచి నాలుగు రోజులు. ఈలోగా కోళ్లు ఎక్కువగా చనిపోతుంటే డాక్టరు ఒక మందు మొదలుపెట్టించవచ్చు. రిపోర్టు వచ్చాక దాన్ని మార్చడానికో ఆపడానికో వెనుకాడకండి.

రిపోర్టులో ప్రతి మందు ఎదుట ఎస్, ఐ, ఆర్ అనే అక్షరాల్లో ఒకటి ఉంటుంది. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు, ఐ అంటే మధ్యస్థం. బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని వలయం మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. అన్నిటికంటే పెద్ద వలయం ఉన్న మందే మంచిదని అనుకోవడం పొరపాటు. ఒక్కో మందుకు కొలత వేరు. ఎస్ వచ్చిన మందులు రెండు మూడు ఉంటే మనుషుల వైద్యానికి తక్కువ కీలకమైనదాన్ని ఎంచుకోమని డాక్టరును అడగండి. ఎన్రోఫ్లాక్సాసిన్ ఫ్లోరోక్వినోలోన్ వర్గానికి చెందినది. మనుషులకు వాడే సిప్రోఫ్లాక్సాసిన్‌దీ అదే వర్గం. అమెరికా 2005లో కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని ఆపించింది. కోళ్ల పేగుల నుంచి మనుషులకు చేరి విరేచనాలు కలిగించే కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియాలో నిరోధకత పెరగడమే అందుకు కారణం. మన దగ్గర అది చాలామంది మొదట చేయి వేసే మందు. దాన్ని చివర ఉంచండి.

7. మోతాదు బరువును బట్టి లెక్కించండి

‘లీటరుకు ఒక గ్రాము’ అన్న లెక్కలో ఉన్న లోపం ఏమిటంటే, నలభై డిగ్రీల ఎండలో కోడి మామూలు కంటే ఎంతో ఎక్కువ నీరు తాగుతుంది, జబ్బు చేసిన కోడి తక్కువ తాగుతుంది. అందువల్ల ఒకే కొలతతో ఒకరోజు మందు ఎక్కువవుతుంది, మరొకరోజు చాలదు. చాలని మోతాదు బాక్టీరియాను చంపదు, ఎంపిక చేస్తుంది.

కాబట్టి శరీర బరువుతో లెక్కించండి. ఉదాహరణకు డాక్టరు డాక్సీసైక్లిన్‌ను కిలో బరువుకు రోజుకు 20 మిల్లీగ్రాములని రాశారనుకుందాం. షెడ్డులో 2,000 కోళ్లు, యాభై కోళ్లను తూచి తీసిన సగటు ఒక కిలో. మొత్తం బరువు 2,000 కిలోలు. కావలసిన అసలు మందు 40,000 మిల్లీగ్రాములు, అంటే 40 గ్రాములు. మీ దగ్గర ఉన్నది పది శాతం పొడి అయితే 400 గ్రాములు, ఇరవై శాతం అయితే 200 గ్రాములు. ఈ మొత్తాన్ని కోళ్లు నాలుగైదు గంటల్లో తాగేయగలిగే నీటిలో కలిపి, ఉదయం ఒక గంట నీరు ఆపి, ఇవ్వండి. మండుటెండలో నీరు ఆపకూడదు. క్లోరిన్ ఉన్న నీటిలోను, టెట్రాసైక్లిన్ వర్గపు మందులైతే కాల్షియం ఎక్కువగా ఉన్న గట్టి నీటిలోను మందు పనితనం తగ్గుతుంది. దీన్ని డాక్టరుతో ముందే మాట్లాడండి.

రాసిన రోజులు పూర్తిగా ఇవ్వండి, ఆపైన ఒక్కరోజు కూడా పొడిగించకండి. మూడో రోజుకు మరణాలు ఆగకపోతే మోతాదు పెంచడం, మరో మందు జతచేయడం మీ అంతట మీరు చేయకూడదు. మిగిలిన పొడిని పక్క రైతుకు ఇవ్వడం, కాలువలో పారబోయడం రెండూ తప్పే.

8. అమ్మకానికి ముందు గడువు

మందు ఆపిన రోజు నుంచి కోడిని కోయడానికి లేదా గుడ్డును అమ్మడానికి మధ్య ఉండవలసిన రోజుల సంఖ్య లేబుల్ మీద ఉంటుంది. లేబుల్‌లో ఆ గడువు లేకపోతే, మన ఔషధ నిబంధనలకు 2012లో చేసిన సవరణ ప్రకారం గుడ్లకు, పాలకు కనీసం 7 రోజులు, కోడి మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. నలభై రోజులకు అమ్మే బ్రాయిలర్‌కు 28 రోజులంటే పన్నెండో రోజు దాటాక ఆ మందు ఇవ్వకూడదన్నమాట. ఈ లెక్కను మందు కొనేటప్పుడే వేసుకోండి, లారీ వచ్చిన రాత్రి కాదు. గుడ్లు పెట్టే కోళ్లకు వాడకూడదని రాసి ఉన్న మందును లేయర్లకు అసలే వాడకండి.

గడువు పాటిస్తే మాంసంలో మందు అవశేషం సురక్షిత పరిమితిని దాటదు, అంతవరకే. పేగుల్లో పెరిగిన లొంగని బాక్టీరియా ఆ గడువులో మాయమైపోదు. కోసేటప్పుడు పేగు చిట్లితే అది మాంసానికి అంటుకుంటుంది. అవశేషాలు లేవని వచ్చిన సర్టిఫికెట్‌ను చూసి నిరోధకత కూడా లేదని అనుకునేవారు చాలామంది ఉన్నారు. అవి రెండు వేర్వేరు సమస్యలు. అందుకే ఇంట్లో చికెన్ కడిగిన నీరు కూరగాయల మీద చిందకుండా, కోసిన కత్తిపీటను సబ్బుతో కడగకుండా ఉల్లిపాయలు తరగకుండా చూసుకోవాలి. లోపలి దాకా బాగా ఉడికిన కూరలో ఈ బాక్టీరియా బతకదు.

9. ఎరువు, చచ్చిన కోళ్లు

బ్యాచ్ అమ్ముడయ్యాక షెడ్డులో మిగిలే లిట్టరులో (రెట్ట కలిసిన ఊకలో) నిరోధక బాక్టీరియాతో పాటు యాంటీబయోటిక్ కూడా కొంత ఉంటుంది, ఎందుకంటే కోడి మింగిన మందులో గణనీయమైన భాగం రెట్టలో బయటికి వస్తుంది. దాన్ని అలాగే ట్రాక్టరుకెత్తి కొత్తిమీర, పాలకూర మడులకో చేపల చెరువుకో తరలిస్తే, షెడ్డులో పడిన శ్రమంతా ఊరి నీటిలో కలుస్తుంది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో కోళ్ల షెడ్లు, చేపల చెరువులు పక్కపక్కనే ఉండడం వల్ల ఈ జాగ్రత్త అక్కడ మరీ అవసరం.

లిట్టరును నాలుగడుగుల ఎత్తు కుప్పగా పోసి, పిండితే చేతికి తడి తగిలి నీరు కారనంత తేమ ఉంచండి. లోపలి వేడి 55 డిగ్రీలు దాటాలి. పొడవాటి థర్మామీటరు లేకపోతే ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి పట్టుకోండి, చేతిలో నిలవలేనంత వేడిగా ఉండాలి. ఆ వేడి రెండు వారాలకు పైగా నిలిచేలా, ఆ మధ్యలో కనీసం ఐదుసార్లు బయటి భాగం లోపలికి పోయేలా తిరగవేయండి. ఇలా చేస్తే ఈ. కోలై దాదాపు చస్తుంది. నిరోధక జన్యువులు బాగా తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. అందువల్ల పచ్చిగా తినే పంటలకు కాక మొక్కజొన్న, పత్తి, తోటల మొదళ్లకు వేయడం మేలు. చచ్చిన కోళ్లను మూత ఉన్న గుంటలో సున్నంతో పూడ్చండి. కుక్కలకు వేయకండి.

10. మీరూ, మీ ఇంటివాళ్లూ

షెడ్డుకు వేరే చెప్పులు, వేరే చొక్కా పెట్టుకోండి. అవి ఇంటి గడప దాటకూడదు. షెడ్డు నుంచి రాగానే సబ్బుతో చేతులు కడగండి. పసిపిల్లలను షెడ్డులోకి తీసుకెళ్లకండి. ఇంట్లో ఎవరికైనా మూత్రంలో మంట, జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళితే ‘మాకు కోళ్ల ఫారం ఉంది, ఈ మందులు వాడుతుంటాం’ అని డాక్టరుకు చెప్పండి. మూత్ర నాళ వ్యాధుల్లో ఎక్కువభాగం ఈ. కోలై వల్లే వస్తాయి, ఆ ఒక్క మాట డాక్టరు ముందుగా కల్చర్ పరీక్ష (బాక్టీరియాను పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) రాయడానికి దారితీయవచ్చు.

11. తగ్గిందో లేదో కొలవడం

మలద్వారపు స్వాబ్ ఉపయోగపడేది ఇక్కడ. బ్యాచ్ అమ్మకానికి వారం ముందు షెడ్డు నాలుగు మూలల నుంచి, మధ్య నుంచి ఆరోగ్యంగా ఉన్న పది కోళ్ల మలద్వారపు స్వాబ్ లేదా తాజా రెట్ట తీసుకొని, వేర్వేరు డబ్బాల్లో ప్రయోగశాలకు పంపండి. ఒక్కో నమూనాలోని ఈ. కోలై డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్, మనుషులకు వాడే సెఫోటాక్సిమ్, ఇంకా మీరు వాడే ఇతర మందులకు లొంగుతుందో లేదో చూడమని అడగండి. పదింటిలో ఎన్నిటికి ఆర్ వచ్చిందో పుస్తకంలో రాయండి. పది నమూనాలు శాస్త్ర పరిశోధనకు చాలవు, మీ ఫారం ఎటు పోతోందో చూడడానికి చాలు. ప్రతి బ్యాచ్‌కూ చేయించే స్తోమత లేకపోతే ఏడాదికి రెండుసార్లు, ఒకే సీజన్‌లో ఒకే ప్రయోగశాలలో చేయించండి. వేసవి ఫలితాన్ని చలికాలం ఫలితంతో పోల్చకండి.

మొదటి రెండు మూడు బ్యాచ్‌లలో పెద్ద మార్పు కనిపించకపోతే కంగారు పడకండి. పాత ఊక, షెడ్డు నేల, ఎలుకలు, హేచరీ నుంచి వచ్చే పిల్లలు పాత బాక్టీరియాను మళ్లీ మళ్లీ తెస్తుంటాయి. కెనడాలోని క్యూబెక్‌లో హేచరీలు గుడ్లలోకి సెఫ్టియోఫర్ అనే యాంటీబయోటిక్ ఎక్కించడాన్ని 2005లో స్వచ్ఛందంగా ఆపేసినప్పుడు, కోడిమాంసంలోనూ మనుషుల్లోనూ ఆ వర్గపు మందులకు లొంగని సాల్మొనెల్లా హైడెల్‌బర్గ్ అనే బాక్టీరియా, కోళ్లలో అలాంటి ఈ. కోలై గణనీయంగా తగ్గాయి. రెండేళ్ల తర్వాత కొన్ని హేచరీలు మళ్లీ మొదలుపెట్టగానే మళ్లీ పెరిగాయి. కాబట్టి ఫలితం బాగా వచ్చిన ఏడాది మందు డబ్బా మళ్లీ తెరవాలనిపిస్తే ముందు పుస్తకంలో ఆ మందు ఎదుట ఎన్ని ఆర్‌లు ఉన్నాయో చూడండి. పిల్లలను మార్చినప్పుడు, హేచరీ మారినప్పుడు మాత్రం తొలి నెలలోనే కొత్తగా పది నమూనాలు పంపి, తర్వాత పోల్చుకోవడానికి మొదటి లెక్క మళ్లీ రాసుకోండి.